మడత స్టేజీ ట్రైలర్: ఊగితే, బిగుసుకుంటే, దిగబడితే ఏం చెయ్యాలి

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ జాతర రోజులకి అందేలా మా స్నేహితులం పాత ట్రాలీ ఛాసిస్ మీద, పక్కలకి తెరుచుకుని మడతపడే రెండు రెక్కల స్టేజీ కట్టుకున్నాం. స్టేజీ కదిలితే చాలు, ‘ఇంకో పైపు వెయ్యండి’ అంటారు అందరూ. పైపు సంగతి తర్వాత. పైన బరువు నేలకి ఎలా దిగుతోందో ముందు చూడాలి.

సమస్య: తప్పెటగుళ్లు ఆడితే స్టేజీ ఊగుతోంది

హరికథకి కదలని స్టేజీ తప్పెటగుళ్లకి ఊగుతుంది. రొమ్ముకి తప్పెట కట్టుకుని పదిహేను మంది ఒకే దరువుకి ఎగురుతారు. మనిషికి 60 కిలోల చొప్పున 900 కిలోలు. అంతా ఒక్కసారి దిగితే పడే దెబ్బ అంతకి రెట్టింపు పైమాటే.

ఊపు ఎటుందో చూస్తే కారణం దొరుకుతుంది. కిందికీ పైకీ ఊగితే బరువు ఇంకా టైర్ల మీదే ఉంది. జాకీలతో స్టేజీని ఎత్తి, బరువంతా వాటి మీదకి తెచ్చి, చక్రాలకి అడ్డు పెట్టండి. పక్కలకి ఊగితే రెక్క కాళ్ల మధ్య ఏటవాలు బద్దీలు లేవని అర్థం. ఇంటూ గుర్తులా రెండు యాంగిల్స్ (L ఆకారం ఇనుప బద్దలు) బోల్టు చేస్తే ఆగిపోతుంది. పలక మాత్రమే కుంగుతుంటే ప్లైవుడ్ పలచనైనా అయ్యుండాలి, కింద పైపులు దూరమైనా అయ్యుండాలి. 18 మి.మీ. ప్లైవుడ్ వేసి, అడుగుకొక పైపు పెట్టండి.

ఇంకో పరీక్ష. పైన ఇద్దరిని ఎగరమని, కింద కాలు అతుకు మీద అరచెయ్యి ఆనించండి. టక్ టక్‌మని తగిలితే పిన్ను రంధ్రం వెడల్పయింది. అందులో కొత్త బుష్ (పిన్ను చుట్టూ ఉండే గొట్టం ముక్క) వేయించాల్సిందే.

సమస్య: రెక్క సగంలో బిగుసుకుపోతోంది

రెక్క తిరిగే బందులన్నీ (హింజీలు) ఒకే గీతలో లేవు. వెల్డింగ్ వేడికి ఫ్రేము లాగేసినా ఇంతే. బందుల పిన్నుల వెంట ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి పట్టండి, ఏది తప్పిందో కంటికే తెలుస్తుంది. దాన్ని కోసేసి, అన్నింటిలోంచీ ఒకే పొడవాటి రాడ్డు దూర్చి, ముందు చుక్కలుగా మాత్రమే వెల్డింగ్ పెట్టి, రెక్క పూర్తిగా తెరిచి మూసి చూశాకే గట్టిగా వెల్డింగ్ చెయ్యండి. వరసగా కాకుండా ఈ చివర కొంత, ఆ చివర కొంత వేస్తే ఇనుము అంతగా వంగదు.

రెక్క లేపే ముందు పైన కరెంటు తీగలు చూడండి. లేస్తున్న రెక్క కింద ఎవరినీ నిలబడనివ్వకండి, పిల్లల్ని అసలే వద్దు.

సమస్య: మొదట్లో లెవెల్‌గా ఉండి, రాత్రికి ఒక మూల దిగింది

కోసిన వరి మడి పైకి గట్టిగా ఉన్నా కింద మెత్తగా ఉంటుంది. జాకీ అడుగు చిన్నది కాబట్టి గుచ్చుకుపోతుంది. ఒక్కో జాకీ కింద అడుగున్నర చదరం మందపాటి చెక్క వెయ్యండి. వాన పడితే ఆట మధ్యలో కూడా ఒకరు లెవెల్ పైపు (నీళ్లు నింపిన గొట్టం) పట్టి చూస్తుండాలి.

సమస్య: రోడ్డు మీద వెనకభాగం తోకలా ఊగుతోంది

జనరేటరూ స్పీకర్లూ ఇరుసు వెనక పెట్టారు. ఇరుసుకి కాస్త ముందుకి జరిపి, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు బండికి తగిలించే హుక్కు మీద పడేలా సర్దండి. ఊపు మొదలైతే స్పీడు పెంచొద్దు, మెల్లగా తగ్గించి ఆపి, సామాను మళ్లీ సర్దాకే బయల్దేరండి.