పుస్తకం, పేజీలు, ప్రశ్నలు: పిల్లల చేతికే

నా ఐదో తరగతిలో 30 మంది, కథలు చదవడానికి ఆరు జట్లు. ప్రతి జట్టులో ఒకరు చదువుతుంటే నలుగురు పేజీలు తిప్పేవాళ్లు. అన్నీ టీచరే తేల్చేస్తే వాళ్లకు మిగిలే పనేముంది?

ముందు పుస్తకం ఎంపిక వాళ్లకే వదిలాను. బల్ల మీద ఆరు కథల పుస్తకాలు పెట్టి, ఒక్కోటి 2 నిమిషాలు తిరగేయించి, చీటీ మీద మూడు ఇష్టాలు వరుసగా రాయించాను. చీటీని బట్టే జట్టు, స్నేహాన్ని బట్టి కాదు. నా షరతు ఒక్కటే: తెరిచిన పేజీలో ఐదుకు మించి తెలియని పదాలుంటే ఆ పుస్తకం వద్దు. జట్టుకు రెండు ప్రతులున్నా చాలు.

20 నిమిషాలు చదవడం, 10 నిమిషాలు మాట్లాడుకోవడం. రేపు ఎన్ని పేజీలో జట్టే రాసుకుంటుంది. మొదట్లో ఆశగా 15 రాసి, 6 దగ్గర ఆగేవాళ్లు. మూడో రోజుకు లెక్క కుదిరింది.

జట్టులో నాయకుడు, ప్రశ్నలడిగేవాళ్లు అంటూ పనులు పంచి, ఎవరేం చేయాలో కార్డు మీద రాసిచ్చాను. చిక్కంతా నాయకుడి కార్డుతో వచ్చింది. 'అందరిచేత చదివించు' అని రాస్తే చిన్న టీచరై గద్దించడం మొదలైంది. దాన్ని 'తర్వాత ఎవరు చదువుతారు? అని అడుగు'గా మార్చి, వారానికొకరికి తిప్పాను. ప్రశ్నలడిగేవాళ్లు పాత్రల పేర్లే అడుగుతుంటే, 'ఎందుకు', 'ఎలా' ఉండాల్సిందే అన్నాను.

రోజుకో జట్టు పక్కన కూర్చుంటాను, మొదటి 5 నిమిషాలు నోరు విప్పకుండా. అదే అన్నిటికన్నా కష్టం.