దత్తత ఫైలు ఎలా సర్దాలి: పాతికేళ్ల తర్వాత అడిగేవారి కోసం

దత్తత వెళ్లిన బిడ్డ పెద్దయ్యాక తిరిగొచ్చి ‘నేను ఎక్కడ దొరికాను?’ అని అడిగితే, జవాబు శిశుగృహ (దత్తతకు ముందు బిడ్డను ఉంచే సంస్థ) ఫైల్లో ఉండాలి. సర్దేటప్పుడు ఆ మనిషే కళ్లముందు ఉండాలి.

బిడ్డ వచ్చిన రోజు అడ్మిషన్ రిజిస్టర్లో పడిన నంబరే ఫైలు నంబరు. ఎప్పటికీ మార్చవద్దు. పేర్లతో ఫైళ్లు పెడితే దొరకవు: సంస్థ పెట్టిన పేరు ఒకటి, పెంచిన అమ్మానాన్నలు పెట్టింది ఇంకొకటి. విదేశాల నుంచి ఇంగ్లిషులో అడిగేవారిలో ‘లక్ష్మి’కి ఒకరు ‘కె’ రాస్తే మరొకరు ‘ఎక్స్’ రాస్తారు. ఇండెక్సులో అన్ని పేర్లూ, స్పెల్లింగులూ ఆ ఒక్క నంబరుకే చేరాలి.

ఎక్కువ తప్పులు జరిగేది ఊరి పేరు దగ్గర. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత జిల్లాను కొట్టేయకండి. ఊరు, మండలం, పోలీస్ స్టేషన్ అప్పటి పేర్లతోనే ఉంచి, ఇప్పటి జిల్లాను పక్కన తేదీ వేసి రాయండి. దొరికిన తేదీ, చేర్చుకున్న తేదీ, డాక్టరు చెప్పిన పుట్టిన తేదీ మూడూ వేర్వేరు గళ్లలో ఉండాలి. మూడోదాని పక్కన ‘అంచనా’ అని రాయకపోతే అదే అసలు పుట్టినరోజుగా స్థిరపడిపోతుంది.

పోలీసు రిపోర్టు లేదా సరెండర్ డీడ్ (కన్నవాళ్లు బిడ్డను అప్పగిస్తూ రాసిచ్చిన పత్రం), బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వులు, వైద్య నివేదిక, చైల్డ్ స్టడీ రిపోర్టు (బిడ్డ నేపథ్యం, ఎదుగుదల వివరాలు), దత్తత ఉత్తర్వు వరుసగా పెట్టండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టర్. అంతకుముందువి కోర్టు ఉత్తర్వులు. బిడ్డతో దొరికిన చీటీ, తాయెత్తు, గుడ్డముక్క చెత్త కాదు, ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు కావచ్చు. నూలు సంచిలో అదే నంబరుతో దాచండి.

పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి, తీసేయండి. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడదీయలేం. థర్మల్ కాగితం మీది రిపోర్టులు తెల్లబడిపోతాయి కాబట్టి ముందు వాటినే 300 డీపీఐలో కలర్ స్కాన్ చేయండి. బీరువాను గోడకు ఆనిస్తే చెమ్మ, చెదలు పడతాయి.

2022 దత్తత నిబంధనల ప్రకారం తమ మూలాల వివరాలను 18 నిండినవారు సొంతంగా, అంతకన్నా చిన్నవారు దత్తత తల్లిదండ్రులతో కలిసి అడగాలి. మూడో వ్యక్తికి అనుమతి లేదు. కన్నతల్లి గోప్యతను కాపాడాలి. ఆమె పేరు, చిరునామా ఉన్న పేజీలు విడి కవరులో ఉంటే మిగతాది చూపడానికి ఇబ్బంది ఉండదు. తన వివరాలు చెప్పడానికి ఆమె ఒప్పుకోకపోయినా, ఆచూకీ దొరకకపోయినా అప్పగించిన కారణాలు, పరిస్థితులు చెప్పాల్సిందే. పేరు కనబడకుండా కొట్టేసే నల్ల మార్కరు ఒరిజినల్ కాగితం మీద ఎప్పుడూ వద్దు. జిరాక్సు మీద కొట్టేసినా వెలుతురులో పెడితే అక్షరాలు కనబడతాయి. దాన్ని ఇంకోసారి జిరాక్సు తీసి ఆ రెండో కాపీనే చేతికివ్వండి.