ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎలా చేసుకోవాలి: మెషిన్ లోన్ కంటే ముందు కావాల్సిన నంబర్

కొత్త మెషిన్ కొనాలన్నా, చేత్తో రాసే లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలన్నా, దీనికి సెంట్రల్ గవర్నమెంట్ స్కీమ్ ఏమైనా ఉందా అని ఎక్కడికెళ్ళి అడిగినా ముందు ఉద్యమ్ నంబర్ ఉందా అంటారు. ఉద్యమ్ అంటే చిన్న, మధ్యతరహా వ్యాపారాలకి (ఎంఎస్ఎంఈలకి) సెంట్రల్ గవర్నమెంట్ ఇచ్చే రిజిస్ట్రేషన్. పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో 2020 జూలై 1 నుంచి ఇదే నడుస్తోంది. ఫీజు ఒక్క రూపాయి లేదు, కాగితాలు అప్‌లోడ్ చేసే పనీ లేదు. కాకపోతే గూగుల్‌లో కొడితే అచ్చం గవర్నమెంట్ సైట్‌లాగే ఉండే ప్రైవేటు సైట్లు వస్తాయి, ఫారం అంతా నింపించుకుని ఆఖర్న డబ్బులు కట్టమంటాయి, కాబట్టి అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకునే మొదలెట్టండి.

సొంత వ్యాపారమైతే ఓనర్ ఆధార్, పార్ట్‌నర్‌షిప్ అయితే మేనేజింగ్ పార్ట్‌నర్‌ది ఇవ్వాలి. ఓటీపీ ఆధార్‌కి లింకైన ఫోన్‌కే వస్తుంది. తర్వాత పాన్, అడ్రస్, బ్యాంక్ అకౌంట్, ఎంతమంది పనిచేస్తున్నారు, ఇవన్నీ మామూలే. జీఎస్టీ పరిధిలోకి రాని చిన్న వ్యాపారానికి జీఎస్టీ నంబర్ అక్కర్లేదు.

అసలు చూసుకోవాల్సింది యాక్టివిటీ దగ్గర. తయారీ, సర్వీస్, ట్రేడింగ్ అని అడుగుతుంది, ఫర్నిచర్ చేసి అమ్మేవాళ్ళు కూడా మాది షాపే కదా అని ట్రేడింగ్ కొట్టేస్తుంటారు. ట్రేడింగ్ వాళ్ళని 2021 జూలైలో మళ్ళీ ఎంఎస్ఎంఈల్లో కలిపారు గానీ వాళ్ళకి దక్కేది ప్రయారిటీ సెక్టార్ లోన్ (బ్యాంకులు కొన్ని రంగాలకి తప్పక ఇవ్వాల్సిన లోన్) సౌకర్యం వరకే, అంటే రేపు టెక్నాలజీ స్కీమ్‌కి వెళ్తే మీరు ట్రేడర్ కదండీ అని వెనక్కి పంపేస్తారు. ఫర్నిచర్ తయారీ ఎన్ఐసీ కోడ్ (మీరు చేసే పని ఏదో చెప్పే గవర్నమెంట్ నంబర్) 31తో మొదలవుతుంది, రిటైల్ 47తో. ఒకటికి మించి కోడ్‌లు పెట్టుకోవచ్చు, మీరు నిజంగా చేసే పనులన్నీ పెట్టండి.

పెట్టుబడి, టర్నోవర్ లెక్కలు ఐటీ, జీఎస్టీ రిటర్న్స్ నుంచి సైటే లాగేసుకుంటుంది. స్థలం, బిల్డింగ్ విలువ పెట్టుబడిలోకి రాదు, ఎగుమతులు టర్నోవర్‌లోకి రావు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2.5 కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవర్ దాటకపోతే మైక్రోనే, అంటే అన్నిటికంటే చిన్న కేటగిరీనే, మిషన్లు కొంటే మైక్రో పోతుందేమో అని ఆగేవాళ్ళకి ఇది మంచి మార్పే.

ఫారం చివర్లో జెమ్‌లో, ట్రెడ్స్‌లో చేరతారా అని అడుగుతుంది, చాలామంది చదవకుండానే నో కొట్టేస్తారు. జెమ్ అంటే గవర్నమెంట్ ఆఫీసులు సరుకు కొనే పోర్టల్, ట్రెడ్స్ అంటే పెద్ద కంపెనీల నుంచి రావాల్సిన బిల్లు మీద ముందే డబ్బు తీసుకునే ఏర్పాటు. సరుకు ఇచ్చి డబ్బుల కోసం నెలల తరబడి తిరిగేవాళ్ళు కనీసం రెండోదానికైనా ఎస్ పెట్టండి.

ఫైనల్ ఓటీపీ కొట్టాక నంబర్, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్ వస్తాయి. రెన్యువల్ లేదు, వివరాలు మారితే అదే సైట్‌లో అప్‌డేట్ చేయాలి. ఫారం వరకు బాగానే ఈజీ చేశారు గానీ ఆ తర్వాత ఒక్కో స్కీముకి ఒక్కో పోర్టల్ పెట్టారు, అదే విసుగు. తయారీ యూనిట్ వాళ్ళు ముందు జెడ్ (తయారీలో క్వాలిటీకి ఇచ్చే గవర్నమెంట్ సర్టిఫికెట్) పోర్టల్‌కి వెళ్ళండి, ఉద్యమ్ నంబర్‌తో లాగిన్ అయ్యి ప్లెడ్జ్ తీసుకుని బ్రాంజ్ అనే మొదటి లెవెల్‌కి అప్లై చేయొచ్చు, సర్టిఫికేషన్ ఖర్చులో మైక్రో యూనిట్లకి 80 శాతం సబ్సిడీ ఉంది.