కళ్ళు, కల్లు: నాలుకను దిద్దే ముందు చెవిని పరీక్షించడం ఎలా

మూడో తరగతి పిల్లోడు పాఠం చదువుతూ "కళ్ళు తెరిచాడు" అన్నచోట "కల్లు తెరిచాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను వాణ్ని నిలబెట్టి "కళ్ళు అనురా, కళ్ళు" అని పదిసార్లు అనిపించాను. పదిసార్లూ కల్లే వచ్చింది. మర్నాటి నుంచి వాడు గట్టిగా చదవడమే మానేశాడు. రెండు వారాలకు వాళ్ళమ్మ బడికొచ్చి, "మావానికి నాలిక తిరగదా సార్?" అని అడిగింది. కడపలో పెద్ద దర్గా వైపు ఉండే కుటుంబం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. ఆ తల్లికి సరైన జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. వాడి నాలుకకు ఏమీ కాలేదు. ల, ళ తేడా వాడి చెవికే అందడం లేదు. వినపడనిదాన్ని పలకమని నేను వాణ్ని పదిమందిలో నిలబెట్టాను.

మీ ఇంట్లోనో, మీ క్లాసులోనో ఇలాంటి పిల్లలుంటే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఉర్దూలో ళ లేదు. పసిబిడ్డ చెవి మొదట్లో తన ఇంట్లో లేని భాషల ధ్వనులను కూడా విడదీయగలదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీ ట, త వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. ఏడాది నిండేలోపే చెవి ఇంటి భాషకు కుదురుకుని, ఆ భాషకు అక్కరలేని తేడాలను వదిలేస్తుందన్నమాట. వదిలేసినా మళ్ళీ నేర్చుకోవచ్చు. కాకపోతే కొంచెం ఓపిక కావాలి.

ఇది మనకూ ఉన్నదే. ఇంగ్లీషులో ద్రాక్ష తీగకు ఒక మాట, ద్రాక్షతో చేసే మద్యానికి ఒక మాట. తెలుగులో రాస్తే రెండూ 'వైన్' అనే ఒక్క మాటే అవుతాయి. తీగకు పై పళ్ళు కింది పెదవిని తాకాలి, మద్యానికి పెదవులు సున్నా చుట్టాలి. ఒక మిత్రుణ్ని నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని ఈ రెండూ మార్చి మార్చి పలకమన్నాను. ఏది ఏదో చెప్పలేకపోయాను. ఇంగ్లీషు ఇన్నేళ్ళు చదివి, పాఠం చెప్పి కూడా చెప్పలేకపోయాను. ఆ రోజు ఆ పిల్లోడి పరిస్థితి నాకు అర్థమైంది.

ముందు చెవిని పరీక్షించండి. దీనికి బొమ్మలు గీయగలిగే జంట పదాలు కావాలి. మనకు అదృష్టం కొద్దీ ఇల్లు, ఇళ్ళు ఉన్నాయి. ఒక అట్టముక్క మీద ఒక ఇల్లు, ఇంకోదాని మీద మూడు ఇళ్ళు గీయండి. అలాగే ముల్లు, ముళ్ళు. పిల్లవాడి ముందు రెండు అట్టలు పెట్టి, మీ నోరు కనపడకుండా నోట్‌బుక్ అడ్డం పెట్టుకుని, ఒక్క మాట పలకండి. వాడు అట్టను తాకాలి, అంతే. వాణ్ని ఏమీ పలకమనొద్దు. వాక్యంలో పెట్టి అడగొద్దు. "ఇళ్ళు ఉన్నాయి" అంటే 'ఉన్నాయి' విని చెప్పేస్తాడు, చెవి పరీక్ష కాదు. వరస ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే తెలియకుండానే ఒకటి మార్చి ఒకటి అంటాం. మొత్తం ఇరవైసార్లు. ఊరికే ఊహించి చెప్పినా పది దాకా తగులుతాయి. పదిహేను దాటితే వాడికి వినపడుతున్నట్టే, అప్పుడు పని నాలుకతో. పదికి అటూ ఇటూ ఉంటే పని చెవితో. మావాడికి పదకొండు వచ్చాయి.

ఒక జాగ్రత్త. ఈ ఒక్క అక్షరమే కాకుండా వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా, చెవి కారుతున్నా ఈ ఆటలు పక్కన పెట్టి చెవి డాక్టరుకు చూపించండి.

చెవి పని ఎలా అంటే, అదే అట్టల ఆట, రోజూ పది నిమిషాలు. మొదటి రోజుల్లో ళ్ళను బాగా సాగదీసి పలకండి, తర్వాత మామూలుగా. తప్పు తాకితే తిట్టకుండా సరైన అట్ట చూపించి అదే మాట మళ్ళీ పలకండి. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టడం కంటే రోజూ పది నిమిషాలు మేలు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి 1885లో రాసిన లెక్క ఉంది: ఒకే రోజు 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచితే 38 సార్లకే వచ్చింది.

ఒక్కరి గొంతుతో మాత్రం ఆపొద్దు. నేను వారం రోజులు నా గొంతుతోనే ఆడించాను. వాడు నా దగ్గర పదిహేడు తెచ్చుకుని, పక్క టీచరమ్మ పలికితే మళ్ళీ తడబడ్డాడు. జపాను వాళ్ళకు ఇంగ్లీషు ర, ల తేడా నేర్పడానికి 1991లో చేసిన ప్రయోగంలో వేర్వేరు మనుషుల గొంతులు వినిపించారు, తర్వాత కొత్త గొంతు విన్నా వాళ్ళు తేడా పట్టగలిగారు. అది తెలిశాక నేను మా అమ్మ, బడి ఆయా, ఐదో తరగతి పిల్ల పలికిన మాటలు ఫోన్లో రికార్డు చేసి వినిపించాను. నాలుగో వారానికి ఎవరు పలికినా పదహారు, పదిహేడు వస్తున్నాయి.

ఇప్పుడు నాలుక. ఇక్కడ మన కడప మాటే పనికొచ్చింది. మన దగ్గర ఇళ్ళలో ఎవరూ కళ్ళు, ఇళ్ళు అనరు. కండ్లు, ఇండ్లు, పండ్లు అంటారు. పిల్లోడు కూడా బయట "కండ్లు మంటగా ఉండాయి సార్" అనే అంటాడు, పుస్తకంలో కళ్ళు కనపడితేనే ఇబ్బంది. కండ్లు తప్పు కాదని ముందు వాడికి గట్టిగా చెప్పాను. వాళ్ళ ఇంటి మాటల్లోనూ గుడ్డుకు అండా, చల్లనిదానికి ఠండా ఉన్నాయి. ఆ 'ండ' దగ్గర నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. "అండా అనబోయి మధ్యలో ఆగు, నాలుక ఎక్కడుందో చూడు" అన్నాను. ఆగాడు. "కదిలించకుండా అక్కడే పెట్టి, గాలి పక్కల నుంచి పోనిచ్చి ల అను." మొదట గరగరమని ఏదో వచ్చింది. మూడోసారికి ళ వచ్చింది. వాడే గుర్తుపట్టాడు, నేను చెప్పక ముందే! తలెత్తి నా వంక చూశాడు. నాలుగు వారాల ముందు అదే ధ్వని వచ్చినా వాడికి తెలిసేది కాదు.

తెలుగులో మాట మొదట్లో ళ రాదు కాబట్టి అక్కడ సాధన అక్కర్లేదు. నీళ్ళు, గోళీ, తాళం, పెళ్ళి చాలు. మాటల తర్వాత చిన్న వాక్యాలు, ఆ తర్వాతే పాఠం. పాఠం మొదట మీ దగ్గర ఒంటరిగా చదివించండి. క్లాసులో చదువుతానని వాడు చెయ్యి ఎత్తేదాకా ఆగండి. మావాడు ఎత్తడానికి ఇంకో నెల పట్టింది.

డిక్టేషన్‌లో మాత్రం ల, ళ ఇంకా తారుమారు చేస్తున్నాడు. దానికి మార్కులు తీయడం మానేసి, ఆ మాటను గట్టిగా పలికి మళ్ళీ రాయమంటున్నాను. ఎక్కువసార్లు తనే దిద్దుకుంటున్నాడు.