ఇన్‌హేలర్ మందుకు లేజర్ ఒక సైజు, ఇంపాక్టర్ ఇంకో సైజు చూపిస్తుంటే

సమస్య: డ్రై పౌడర్ ఇన్‌హేలర్ ఒకటే, బ్యాచ్ ఒకటే. లేజర్ డిఫ్రాక్షన్‌లో (కణాల మీద పడి చెదిరిన లేజర్ వెలుగును బట్టి సైజు చెప్పే మెషీన్) పెడితే సైజు పదుల మైక్రాన్లు వస్తుంది, క్యాస్కేడ్ ఇంపాక్టర్‌లో (గాలిని మలుపులు తిప్పి, కణాలను సైజుల వారీగా ఒక్కో కప్పులో పడేసే పరికరం) పెడితే మందు 3 మైక్రాన్ల దగ్గర తేలుతుంది. నెల్లూరులో ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకు ఇదే ఎదురై, లేజర్ పాడైందని టెన్షన్ పడి రెండు రోజులు లెన్సులు తుడుస్తూ కూర్చున్నాను. మెషీన్ బాగానే ఉంది.

కారణం: రెండూ కొలిచేది ఒకటి కాదు. మా కోవూరు వైపు కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. గట్టి గింజనూ తాలు గింజనూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంటే పొడవూ లావూ ఇంచుమించు ఒకటే, అదే నాయన చేటెత్తి గాలికి వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలేది, తాలు అంత దూరం కొట్టుకుపోయేది. లేజర్ అరచేతిలో గింజను చూస్తుంది, ఇంపాక్టర్ గాలిలో గింజను చూస్తుంది. గుండ్రటి కణం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.4 గ్రాములు ఉందనుకోండి, లేజర్‌లో 5 మైక్రాన్లున్నది గాలిలో 3.2 మైక్రాన్ల దానిలా నడుస్తుంది (సాంద్రత వర్గమూలంతో గుణించడమే). మందు ఊపిరితిత్తుల్లోకి పోయేదీ గాలి మలుపుల్లోంచే కాబట్టి రోగికి ఎంత అందుతుందన్న ప్రశ్నకు నేను ఇంపాక్టర్ లెక్కనే నమ్ముతాను.

ఇంకో కారణం, చాలామంది మర్చిపోయేది, లాక్టోజ్. మందును మోయడానికి కలిపిన పెద్ద లాక్టోజ్ కణాలను కూడా లేజర్ లెక్కేసుకుంటుంది, దానికి ఏది మందో తెలియదు. ఇంపాక్టర్‌లో వాటిని ప్రీ సెపరేటర్ అనే ముందు భాగం మొదట్లోనే ఆపేస్తుంది, ఆ తర్వాత ఒక్కో కప్పులో పడిన మందును కడిగి హెచ్‌పీఎల్‌సీలో (ద్రావణంలో మందును విడదీసి ఎంతుందో చెప్పే మెషీన్) తూస్తాం. నిమిషాల్లో అయిపోయే టైమ్ ఆఫ్ ఫ్లైట్ మెషీన్ గాలిలో నడకనే కొలుస్తుంది గానీ, దానికీ మందుకూ లాక్టోజ్‌కూ తేడా తెలియదు.

పరిష్కారం: లేజర్ ముందు కూడా ఇంపాక్టర్‌కు పెట్టే అదే గొంతు గొట్టం (గొంతులా వంగిన గొట్టం), అదే ప్రీ సెపరేటర్ బిగించి, రెండింటినీ ఒకే ఫ్లోలో నడపండి. డ్రై పౌడర్‌కైతే ఇన్‌హేలర్ మీద 4 కిలోపాస్కల్స్ ప్రెషర్ డ్రాప్ వచ్చే ఫ్లో పెట్టి 4 లీటర్ల గాలి లాగాలి. ఒకటి నిమిషానికి 60 లీటర్లలో, ఇంకొకటి 90 లీటర్లలో నడిపి పోల్చుకుంటే ఆ రోజు కష్టమంతా వృథా.

సమస్య: నెబ్యులైజర్ తుంపర ఇంపాక్టర్‌లో మరీ సన్నగా వస్తోంది.

కారణం: తుంపర లోపలే ఆరిపోతోంది. బయట సముద్రపు గాలి ఎంత తేమగా ఉన్నా ఏసీ గదిలో గాలి పొడిగానే ఉంటుంది, దానికి తోడు గది వేడిలో ఉన్న ఇంపాక్టర్ లోహం చుక్కలను ఇంకా త్వరగా ఆరబెడుతుంది.

పరిష్కారం: ఎన్‌జీఐ (నెక్స్ట్ జనరేషన్ ఇంపాక్టర్ అనే రకం) ఇంపాక్టర్‌ను 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 90 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన 5 నిమిషాల్లోపే నిమిషానికి 15 లీటర్ల ఫ్లోలో మొదలుపెట్టండి. మన దగ్గర ఫ్రిజ్‌లోంచి తీయగానే దాని ఒళ్లంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు వస్తాయి, ఆ టైంలో మూత అసలు తెరవొద్దు.

సమస్య: గ్యాస్‌తో కొట్టే ఇన్‌హేలర్‌కు లేజర్ గ్రాఫ్‌లో కుడి చివర, వందల మైక్రాన్ల దగ్గర ఒక గుట్ట లేస్తోంది.

అది కణం కాదు. ప్రొపెల్లెంట్ (మందును బయటికి నెట్టే గ్యాస్) ఆవిరి లేజర్ కిరణాన్ని కాస్త పక్కకు వంచుతోంది, ఎండాకాలం తారు రోడ్డు మీద గాలి అల్లాడినట్టు. మందు లేని ప్రొపెల్లెంట్ డబ్బాను కొట్టి చూడండి, గుట్ట అప్పుడూ లేస్తే నేరం ఆవిరిదే. డబ్బాను కిరణానికి కాస్త దూరం జరిపి, మధ్యలోని డిటెక్టర్ రింగులను లెక్కలోంచి తీసేయండి.

ఇక ఇంపాక్టర్ చివరి కప్పుల్లో మందు ఎక్కువగా కనిపిస్తుంటే పై కప్పుల మీద కణాలు నిలవకుండా ఎగిరి కిందికి పోతున్నాయని అర్థం, కప్పులకు పలుచగా సిలికాన్ ఆయిల్ పూయండి. దొరికిన మందంతా కూడితే లేబుల్ మీద ఉన్నదానిలో 85 నుంచి 115 శాతం మధ్య రాకపోతే ఆ రన్‌లోని సైజు చూడకండి, ముందు రబ్బరు రింగుల దగ్గర గాలి లీకవుతోందేమో చూడండి.