నైట్ డ్యూటీ టెన్షన్‌ని మా ఐసీయూలో ఎలా కొలుస్తున్నాం

"బాగానే ఉన్నాను మేడమ్." ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా పదమూడేళ్ల నుంచి ఈ మాట వింటున్నాను. ఒక రాత్రి ఇదే మాట చెప్పిన అమ్మాయి, గంట తిరగకుండానే ఇన్సులిన్ పంపులో 2 కొట్టాల్సిన చోట 20 కొట్టింది. డబుల్ చెక్‌కి వచ్చిన సిస్టర్ చూసి, స్టార్ట్ నొక్కకముందే చేయి పట్టుకుంది. అప్పటి నుంచి నోటిమాట నమ్మడం మానేసి, కొలవడం మొదలుపెట్టాను. మీ కింద నలుగురు పనిచేస్తున్నా ఇది మీకూ పనికొస్తుంది.

నెలకోసారి, మనసుకు ఎంత ఒత్తిడి అనిపిస్తోందో కొలిచే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ నింపిస్తాను. షెల్డన్ కోహెన్ అనే సైకాలజిస్టు బృందం 1983లో తెచ్చిన ప్రశ్నల కాగితం అది. అందులో పది ప్రశ్నలుండే రకం చాలు. గత నెల రోజుల్లో పనులు చేయి దాటిపోయినట్టు ఎన్నిసార్లు అనిపించింది, ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. నాలుగు ప్రశ్నలు మంచి వైపు నుంచి అడుగుతాయి, వాటి మార్కులు తిరగేసి కలపాలి. మొదటి నెల నేను అది మర్చిపోయి లెక్కంతా మళ్లీ చేశాను. కాగితం మీద పేరు వద్దు, ఏ షిఫ్టో రాస్తే చాలు. మార్కులు ఎక్కువొచ్చాయని జబ్బున్నట్టు కాదు, ఆ మాట ముందే చెప్పండి.

రెండోది డ్యూటీ దిగేటప్పుడు. నాసా ఏమ్స్ కేంద్రంలో తయారై 1988లో బయటికొచ్చిన, పని భారం ఎంత అనిపించిందో కొలిచే టీఎల్ఎక్స్ అనే కాగితం. ఆరు గీతలుంటాయి: బుర్రకు పడిన పని, ఒంటికి పడిన పని, టైమ్ తరిమిన తీరు, పని ఎంత బాగా అయింది, ఎంత కష్టపడ్డాం, ఎంత విసుగొచ్చింది. పని ఎలా అయిందనే గీత మాత్రం ఎడమ చివర బాగా అయినట్టు, కుడి చివర చెడినట్టు. ఇక్కడే అందరూ తడబడతారు, పక్కన నిలబడి చూపించండి. ఆరింటి సగటు తీస్తే సరిపోతుంది. బయోమెట్రిక్‌లో వేలు పెట్టకముందే నింపించాలి; ఇంటికెళ్లి నిద్రపోయి లేచాక రాస్తే రాత్రి సంగతి సగం చెరిగిపోతుంది.

ఈ రెండూ మనసు చెప్పేవి. పని ఏం చెబుతోందో పక్కన పెట్టకపోతే వీటితో పెద్దగా ఉపయోగం లేదు. మేం తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య ఐదు అలారాలు ఎంచుకుంటాం. మోగిన క్షణం నుంచి ఎవరో ఒకరు బెడ్ దగ్గరికి చేరేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో గోడ గడియారం చూసి రాస్తాం. తప్పు జరగబోయి ఆగినవి విడిగా రాస్తాం, పేర్లు లేకుండా.

టీమ్ సంగతి తెలియాలంటే హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు పేషెంట్లను అప్పగించేటప్పుడు, నిలబడి ప్రశ్నలు లెక్కపెట్టండి. మామూలు రోజున "యూరిన్ ఎంతొచ్చింది? పొటాషియం ఎప్పుడు పంపారు?" అని ఒకరినొకరు ఆపి అడుగుతారు. ఒత్తిడి పెరిగితే చూపు కుంచించుకుపోతుంది, ఎవరి పేషెంట్ వాళ్లకే కనిపిస్తాడు. చెప్పేవాళ్లు గబగబా చెప్తారు, వినేవాళ్లు తలూపుతారు. అంత నిశ్శబ్దంగా చార్టు చేతులు మారిన రోజున నాకు గుండె దడ.

స్మార్ట్ వాచీల జోలికి పోకండి, మెట్లెక్కినా పల్స్ పెరుగుతుంది. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ పరీక్షా అంతే. అది నిద్ర లేచిన అరగంటకు సహజంగానే ఎక్కువ. నైట్ డ్యూటీ వాళ్లకు ఆ లయే మారిపోతుంది, ఒక్క శాంపిల్‌తో ఏమీ తేలదు.

మూడు నెలల కాగితాలు పరిస్తే, మా దగ్గర టైమ్ గీత ఒక్కటే పైపైకి పోతోంది. కారణం పేషెంట్ల సంఖ్య కాదు, సరిగ్గా రాత్రి 8కి హ్యాండోవర్ మధ్యలో వార్డు నుంచి షిఫ్టింగులు. ఎమర్జెన్సీ కానివి 8:30 తర్వాతే పంపమని డాక్టర్లను ఒప్పించాను. పైవాళ్లు మాత్రం ఎక్కువ మార్కులు ఎవరివో పేర్లు అడిగారు. నా దగ్గర పేర్లు లేవు, ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. ఇచ్చిన మర్నాటి నుంచి ప్రతి కాగితం మీదా "బాగానే ఉన్నాను మేడమ్" అనే ఉంటుంది.