ఎయిర్‌బ్యాగ్ లైటు, హారన్ రెండూ పోతే: స్టీరింగ్ విప్పే ముందు జాగ్రత్తలు

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా ఉన్నా, దారిలో వెలిగినా లోపం ఉన్నట్టే. గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. బండి బాగానే నడుస్తోంది కదా అని విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీద ఆ లైటుతోనే నెలల తరబడి తిరిగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఆ లైటుతో పాటు హారన్ కూడా మూగబోయిందా? ముందు అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌ని. స్టీరింగ్ వెనక ప్లాస్టిక్ డబ్బాలో చుట్టగా ఉండే పల్చటి రిబ్బన్ కేబుల్ అది. తిరిగే చక్రంలోని డ్రైవర్ ఎయిర్‌బ్యాగుకి, హారన్‌కి, ఆడియో బటన్లకి చాలా బండ్లలో దాని గుండానే కనెక్షన్ వెళ్తుంది. ఏళ్ల తరబడి చుట్టుకుని విప్పుకుని ఎక్కడో తెగుతుంది. బండి ఖాళీ చోట ఆపి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పుతూ హారన్ నొక్కండి. ఒక వైపు మోగి ఇంకో వైపు ఆగిపోతుంటే దాదాపు అదే.

హారన్ ఒక్కటే పోతే అంత దూరం వెళ్లక్కర్లేదు. ముందు ఫ్యూజు చూడండి. నొక్కినప్పుడు రిలే (హారన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు పెట్టె) టిక్కుమంటూ హారన్ మోగకపోతే తప్పు హారన్‌లోనో, దాని వైరులోనో, ఎర్త్‌లోనో ఉంటుంది. రిలే లేకుండా పెద్ద హారన్లు తగిలించిన బండ్లలో స్విచ్చు కాలిపోవడం మామూలే.

లైటు ఒక్కటే వెలుగుతుంటే ముందు సీట్ల కిందకి చూపు పోనివ్వండి. అక్కడ వైర్లను కలిపే పసుపు రంగు కప్లర్లు ఉంటాయి. సీటు కింద సామాను తోసినా, సీటు ముందుకీ వెనక్కీ జరిపినా అవి వదులవుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు నీట మునిగాయి. అలాంటి బండి సెకండ్‌హ్యాండ్‌లో మీ దగ్గరికి వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా బండ్లలో గేరు దగ్గర నేలకు ఆనుకుని ఉంటుంది. పైకి శుభ్రంగా కనిపించినా కార్పెట్ ఎత్తితే బురద మరక, కప్లర్ పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు బయటపడతాయి. సీటు పట్టాల మీది తుప్పు కూడా ఆ కథే చెబుతుంది.

ఇక విప్పడం దగ్గరికి వస్తే, ఎయిర్‌బ్యాగ్ పని తెలియని చెయ్యి అందులో పెట్టకూడదు. ఆటోనగర్‌కి తీసుకెళ్లినా పక్కన నిలబడి ఇవన్నీ చేస్తున్నారో లేదో చూడండి. ముందు ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయాలి. వెంటనే చెయ్యి పెట్టకూడదు, కంట్రోల్ యూనిట్‌లో కాస్త కరెంటు నిలవ ఉంటుంది. బండి మాన్యువల్‌లో ఎన్ని నిమిషాలు ఆగమన్నారో అన్నీ ఆగాలి. సీటు కింది పసుపు కప్లర్ పీకాలన్నా ఇదే నియమం. ఎయిర్‌బ్యాగుకి మల్టీమీటర్ గానీ టెస్ట్ ల్యాంప్ గానీ పెట్టనివ్వకండి. మీటర్ కూడా కొంత కరెంటు పంపుతుంది, దానికే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. విప్పిన బ్యాగుని మొహం వైపు కాకుండా బయటి వైపు తిప్పి పట్టుకోవాలి, బల్ల మీద పెడితే మూత పైకి ఉండాలి. బోర్లా పెట్టిన బ్యాగు పేలితే గాల్లోకి ఎగురుతుంది.

క్లాక్ స్ప్రింగ్ మార్చేటప్పుడు బండి ముందు చక్రాలు తిన్నగా ఎదురుకి ఉండాలి. కొత్తది పిన్నుతోనో టేపుతోనో సెంటర్‌లో లాక్ చేసి వస్తుంది. చూద్దామని ముందే తిప్పారంటే బిగించాక మొదటి పెద్ద మలుపులోనే తెగిపోవచ్చు.

లోపాల కోడ్లు చదివే స్కానర్లలో చౌక బ్లూటూత్‌వి ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదివే స్కానర్ ఉందా అని అడిగి, చెరిపే ముందు కోడ్ ఫోటో తీసుకోండి. కోడ్ చెరిపి పంపితే లోపం పోదు. ఇంకా ఘోరం, బల్బు పీకేసి గానీ, అంతా బాగున్నట్టు కంట్రోల్ యూనిట్‌ని నమ్మించే రెసిస్టర్ పెట్టి గానీ లైటు ఆర్పడం. ఎవరైనా అలా చేస్తామంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

బాగయ్యేదాకా దూర ప్రయాణాలు మానండి. తప్పనిసరైతే సీటు బెల్టు లేకుండా ఎవరూ కూర్చోకూడదు, వెనక సీటు వాళ్లు కూడా. ప్రమాదంలో బెల్టుని బిగించే ప్రీటెన్షనర్ కూడా ఆ వ్యవస్థలోదే కాబట్టి, లైటు వెలుగుతుండగా అదీ పని చేయకపోవచ్చు. వేగం తగ్గించి నడపండి.